మా ఇంటి పొత్తిగుడ్డలు, వాటిని ఉతికిన చేతులు

కిందటి నెల హోసూరులో ఉండే మా పెదనాన్నగారి మనవరాలు ఫోన్ చేసింది. ఆమెకి ఏడో నెల. సీమంతం మాటలు, ఆస్పత్రి మాటలు అయ్యాక అసలు సంగతి అడిగింది. "మన ఇంట్లో పిల్లలకి గుడ్డలే వాడేవారట కదా, ఒక్కరికి కూడా ఒరుపు రాలేదట కదా, ఆ పద్ధతేదో చెప్పండి, రాసుకుంటాను" అంది.

చెప్పడం మొదలుపెట్టాం. పది నిమిషాలకే అర్థమైంది, ఇది ఫోనులో తేలే వ్యవహారం కాదని. పైగా ఆ అమ్మాయి విన్న మాటలో సగం నిజం, సగం మనింటి గొప్ప. అందుకని ఈసారి ఇంటిపేర్లూ, ఊరగాయలూ, తాతగారి ఉత్తరాలూ పక్కన పెట్టి పిల్లల ముడ్డిగుడ్డల గురించి రాస్తున్నాం. చదివేవాళ్ళు ముక్కు మూసుకోనక్కర్లేదు. బాగా ఉతికిన గుడ్డకి వాసనుండదు. ఆ ఒక్క ముక్క నేర్చుకోవడానికి మాకు రెండు కాన్పులు పట్టింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం: మాది బరంపురం, గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా ఇది మద్రాసు రాజధానిలో ఉండేది. మేం ఎక్కడికీ కదలలేదు, హద్దే మమ్మల్ని దాటి కిందికి వెళ్ళింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మా పెద్దావిడ 1935లో పుట్టింది, అంటే ఈ రాష్ట్రం కంటే ఏడాది పెద్దది. పిల్లల వరసలోనే ఆవిడని తాతమ్మ అని రాస్తాం. ఆవిడ కోడలు మామ్మ. ఆ తర్వాత మేమిద్దరం, మాకు ఇద్దరు పిల్లలు.

తుపాను రోజులు

పెద్దవాడు 2013 మే నెలలో పుట్టాడు. వాడికి మేం గుడ్డలు వాడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడే డైపర్ల కట్టలు కొనుక్కొచ్చాం. తాతమ్మ చూసి ఏమీ అనలేదు. మామ్మ మాత్రం "హాయి, మా కాలంలో ఇవి ఉంటే ఎంత బాగుండును" అంది.

అక్టోబరు 12న, దసరా రోజుల్లో, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ మా ఊరికి సుమారు 15 కిలోమీటర్లు. ఆ రాత్రి గురించి ఇదివరకే రాశాం, మళ్ళీ రాయం. తెల్లారేసరికి పెరట్లో మామిడిచెట్టు పడిపోయి ఉంది. కరెంటు లేదు. మోటారు లేదు కాబట్టి కుళాయి లేదు. దారిపొడుగునా చెట్లూ స్తంభాలే. దుకాణాలు మూసేశారు. ఇంట్లో డైపర్లు ఏడున్నాయి. ఐదు నెలల పిల్లాడికి అవి ఒక రోజు కూడా రావు.

తాతమ్మ తన ఇనప్పెట్టె తెరిచింది. అందులో బాగా నలిగిన నేతచీరలు మూడు ఉన్నాయి. అంచు దగ్గర పంటితో కొరికి చర్రున చింపింది. మూరంబావు చదరంగా చింపితే ఒక్కో చీరకి పద్దెనిమిదో ఇరవయ్యో గుడ్డలు వచ్చాయి. బరంపురం పట్టుకి పేరైన ఊరే గాని పట్టు ఈ పనికి పనికిరాదు. పిల్లలకి పాత నూలు చీరే కావాలి, కొత్త గుడ్డ వెయ్యకూడదు అనేది ఆవిడ. మేం అది ఆచారం అనుకున్నాం. తర్వాత తెలిసింది, కొత్త నూలులో సహజంగా ఉండే మైనంలాంటి పదార్థం, దాని మీద పెట్టిన గంజి నీళ్ళని పీల్చనివ్వవు. వందసార్లు ఉతికిన గుడ్డకి ఆ రెండూ పోయి ఉంటాయి. మెత్తగా ఉంటుంది, చప్పున పీలుస్తుంది.

పెరటి నూతిలో నీళ్ళున్నాయి. చేదతో తోడి ఉతికాం. దండెం తీగ తెగిపోయింది కాబట్టి పడిపోయిన మామిడికొమ్మల మీదే ఆరేశాం. తుపాను వెళ్ళాక కాసిన ఎండకి గంటలో ఆరిపోయేవి. మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. అన్నాళ్ళూ పిల్లాడు ఆ చీరముక్కల్లోనే ఉన్నాడు, బాగానే ఉన్నాడు.

అంతకంటే మాకు గుర్తున్నది ఇంకొకటి. తుపానుకి ముందు వాడి పారేసిన డైపర్లు ఒక సంచిలో కట్టి పెరటి గోడ పక్కన పెట్టాం. చెత్త బండి రాలేదు. మూడో రోజుకి కుక్కలు సంచి చింపి వీధంతా ఈడ్చాయి. వీధి ఊడ్చే ఆవిడ, చేతికి తొడుగు కూడా లేకుండా, ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేసింది. మేం కిటికీలోంచి చూశాం. బయటికి వెళ్ళి సాయం చేశామని రాస్తే బాగుండును గాని, వెళ్ళలేదు. దుకాణాలు తెరిచాక మళ్ళీ డైపర్లే కొన్నాం.

రెండోసారి

పాప 2022 ఆగస్టులో పుట్టింది. ఈసారి ముందే అనుకున్నాం, గుడ్డలే వాడాలని. ఇప్పుడు దొరికే గుడ్డ డైపర్లు తాతమ్మ చీరముక్కల్లా ఉండవు. పైన నీళ్ళు దిగని పొర ఉన్న తొడుగు, నడుముకీ తొడలకీ సాగే పట్టీ, మీట బొత్తాలు, లోపల జేబులాంటి చోట దోపే పీల్చే మడతలు. ఆ మడతలు నూలువి, వెదురు నారవి, మైక్రోఫైబర్‌వి రకరకాలుగా ఉంటాయి. 24 తొడుగులు కొన్నాం. డబ్బు కాస్త ఎక్కువే అయింది.

రెండు వారాలు బాగానే గడిచింది. మూడో వారం నుంచి గుడ్డ తడిసిన వెంటనే పక్కలోంచి కారడం మొదలైంది. ఉతికి ఆరేసిన గుడ్డ కూడా పాప ఒకసారి తడపగానే నవాసారంలా ఘాటుగా కొట్టేది. నెల తిరిగేసరికి పాప తొడల దగ్గర ఎర్రగా కందిపోయింది. తర్వాత మడతల్లో చిన్న చిన్న ఎర్ర పొక్కులు వచ్చాయి. రాత్రంతా ఏడుపు. బాలింతకి నిద్ర లేదు, మిగతావాళ్ళకీ లేదు. మామ్మ ఒక మాట అనేసింది: "పిల్లదాన్ని ఏడిపించి మీరు లోకాన్ని ఉద్ధరించక్కర్లేదు." ఆ రాత్రి ఇంట్లో మాటా మాటా పెరిగింది. అవి ఇక్కడ రాయం. మర్నాడు మేమిద్దరం కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

డాక్టరుగారు చూసి, మడతల్లో ఇలా పొక్కులొస్తే ఫంగస్ చేరిందని అర్థం, మామూలు ఒరుపు కాదు అన్నారు. పూత మందు రాశారు. రెండు మూడు గంటలకోసారి గుడ్డ మార్చమన్నారు. రోజూ కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదలమన్నారు. లేచేటప్పుడు "గుడ్డ మంచిదే, ఎలా ఉతుకుతున్నారో చూసుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి ఉతికిన మడత ఒకటి తాతమ్మ చేతిలో పెట్టాం. అప్పటికి ఆవిడకి 87. చూపు మందగించింది గాని చేతికి తెలుస్తుంది. వేళ్ళ మధ్య రాసి చూసి, చెంబుతో నీళ్ళు అడిగి, గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసింది. చుక్కలు తామరాకు మీద బొట్లలాగా నిలబడిపోయాయి.

"ఏటర్రా ఇది, ఈ గుడ్డ నీరే తాగడం లేదు. ఏం పోశారు దీనికి?" అంది.

పోసినవి లెక్కపెడితే తేలింది. బట్టలు మెత్తగా సువాసనగా ఉండాలని చివరి జాలింపులో సాఫ్ట్‌నర్ పోస్తున్నాం. అది దారాల మీద జిడ్డుపొరలా పేరుకుంటుంది, గుడ్డ పీల్చడం మానేస్తుంది. ఒరుపు కనపడగానే దట్టంగా క్రీము పూసి నేరుగా గుడ్డ కట్టేశాం, ఆ జిడ్డు గుడ్డకి పట్టింది. మిషనులో పావుగంట ఉతుకుడు పెట్టాం. దానికి నీళ్ళు చాలవు, మూత్రం పూర్తిగా పోదు. మిగిలిన మూత్రంలోని యూరియాని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, ఆ ఘాటు అదే. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. బట్టల సబ్బు ఆ ఉప్పులతో కలిసి తెట్టు కట్టి గుడ్డలోనే కూర్చుంటుంది. ఇవన్నీ చాలనట్టు, క్రిములు చావాలని తొడుగుల్ని కూడా మరిగే నీళ్ళలో వేశాం. రెండు తొడుగుల లోపలి పొర పొట్టులా లేచిపోయింది. ఇన్ని తప్పులూ మేం శుభ్రం పేరు మీదే చేశాం.

"నేనెక్కడ ఉతికానర్రా"

అప్పుడు అడిగాం తాతమ్మని. "నీ పిల్లలు నలుగురికీ ఒక్కసారి కూడా ఒరుపు రాలేదంటావు కదా, నువ్వెలా ఉతికేదానివి?" అని.

ఆవిడ కాసేపు ఊరుకుంది. తర్వాత అంది: "నేనెక్కడ ఉతికానర్రా. పురుట్లో నన్ను నూతి దగ్గరికే పోనిచ్చేవారు కారు. తర్వాతయినా రేవుకి పట్టుకెళ్ళిందంతా ఆ అప్ప వాళ్ళమ్మే కదా."

ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆ కథ చెప్పుకుంటున్నాం. పాత చీరలు, నూతి నీళ్ళు, ఎండ, సాంబ్రాణి. పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకున్నాం. ఆ కథలో ఉతికిన మనిషి లేదు. గుడ్డలు వాటంతట అవే శుభ్రపడ్డట్టు చెప్పుకున్నాం.

అప్ప అంటే మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ. తెలుగావిడే. అరవై దాటింది. చిన్నప్పటినుంచీ మేమంతా ఆవిడని అప్పా అనే పిలుస్తాం. వాళ్ళమ్మ మా ఇంటికీ, ఇంకో ఆరేడిళ్ళకీ బట్టలు ఉతికేదని మాకు తెలుసు. అంతవరకే తెలుసు.

సాయంత్రం బండి దగ్గరికి వెళ్ళాం. గుడ్డ చూపించి సంగతి చెప్పాం. ఒక మాట కూడా అన్నాం, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది: "రెండు నెలలు నువ్వే ఉతికిపెట్టకూడదా అప్పా, ఎంతంటే అంత ఇస్తాం."

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఉతకను బాబూ. ఎలా ఉతకాలో చెప్తాను, కావాలంటే వచ్చి చూపిస్తాను. ఉతకడం మటుకు మీరే ఉతుక్కోండి" అంది. కోపంగా అనలేదు. రేటు చెప్పినంత మామూలుగా అంది.

తర్వాత చెప్పింది. పురుడైన ఇంటి మూట పెరటి గుమ్మం దగ్గర బండ మీద పడేసేవారు, చేతికి ఇచ్చేవారు కాదు. వాళ్ళమ్మ తెల్లవారుజామున వచ్చి పట్టుకెళ్ళేది. గుడ్డల్ని ముందు పారే నీళ్ళలో వదిలి, చేత్తో విదిలించి, ఆ మొదటి నీళ్ళు పూర్తిగా పోయాకే చవుడు పట్టించేది. తర్వాత బానలో ఉడకబెట్టి, బండ మీద బాది, మూడు నీళ్ళలో జాడించి, ఎండలో పరిచేది. మురికి గుడ్డల్ని ఇంకే గుడ్డలతోనూ కలిపేది కాదు. పురుడు తీరిన రోజున ఒక చీర, కుంచెడు బియ్యం ఇచ్చేవారు.

"మీ నాన్నగారికి ఒరుపు రాలేదంటారు. నిజమే, రాలేదు" అంది అప్ప. "మా తమ్ముడికి వచ్చేది. మా అమ్మ మీ అందరి గుడ్డలూ ఆరేసి ఇంటికొచ్చేసరికి మద్దేన్నం దాటిపోయేది. పొద్దున్న కట్టిన గుడ్డలోనే వాడు అప్పటిదాకా ఉండేవాడు. మార్చడానికి నాకు ఆరేళ్ళు, నాకేం తెలుసు."

మేం ఏమీ అనలేకపోయాం. ఏమనగలం? ఇంటికొచ్చి తాతమ్మకి చెప్పాం, చెప్పకుండా ఉండడం సరి కాదనిపించి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఆ గుంటడు ఏడవడం నేను విన్నాను. చంకనేసుకుని వచ్చేది ఒక్కోసారి. ఎందుకేడుస్తున్నాడని అడగలేదు" అంది. అంతే అంది.

ఇప్పుడు మేం ఉతికే పద్ధతి

హోసూరు అమ్మాయీ, నువ్వడిగింది ఇది. అప్ప చూపించినదీ, డాక్టరుగారు చెప్పినదీ, మేం చేసి చూసుకున్నదీ కలిపి రాస్తున్నాం.

వాడేముందు: కొత్త నూలు, వెదురు మడతల్ని నాలుగైదుసార్లు ఉతికి ఆరేశాకే వాడండి. మొదటి ఉతుకుకే పూర్తిగా పీల్చవు. మైక్రోఫైబర్ మడతని పాప ఒంటికి నేరుగా తగలనివ్వకండి, ఒంటి తడిని కూడా లాగేసి చర్మాన్ని ఎండబెడుతుంది. జేబులోనే ఉండాలి.

విప్పిన వెంటనే: గట్టిది మరుగుదొడ్లోకి వెయ్యాలి. తల్లిపాలే తాగే పిల్లలది నీళ్ళతో పోతుంది. అన్నప్రాశన అయ్యాక ముందు దులిపి తీరాలి. తర్వాత చన్నీళ్ళ కింద పట్టి పిండాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే, గుడ్డుసొన వేడికి బిగిసినట్టు, మరక గుడ్డలోనే బిగుస్తుంది. రాత్రి తడిసినవి మరీ ముఖ్యం, పొద్దున్నే ఒకసారి నీళ్ళలో జాడించండి.

ఉంచడం: గాలాడే బుట్టలో వెయ్యండి. మూత బిగించిన బకెట్టులో, నీళ్ళలో నానబెట్టి రోజుల తరబడి ఉంచితే వాసన ముదురుతుంది, తొడుగు పొర పాడవుతుంది. రెండు రోజులకి మించి నిలవ పెట్టకండి. పుట్టిన కొత్తలో పిల్లలకి రోజుకి పది, పన్నెండు గుడ్డలు పడతాయి. కొన్ని నెలలు గడిచాక ఆరు, ఎనిమిదికి తగ్గుతాయి. 24 ఉంటే సరిపోతుంది. వానాకాలంలో ఇంకో పది మడతలు చేతిలో ఉంటే నిశ్చింత.

ఉతుకు: రెండు విడతలు. మొదటి విడత కొంచెం పొడితో, చిన్న ఉతుకు. ఆ నీళ్ళు పారబోయాలి. రెండో విడత సరిపడా పొడితో, పూర్తి ఉతుకు. అప్ప చెప్పిన 'మొదటి నీళ్ళు పోవాలి' అన్నమాట ఇదే. పొడి మరీ తక్కువైతే మురికి ఉండిపోతుంది, మరీ ఎక్కువైతే నురగ ఉండిపోతుంది. నూలు మడతలకి 60 డిగ్రీల వేడి పెట్టొచ్చు. తొడుగులకి 40 దాటనివ్వకండి. చేత్తో ఉతికేవాళ్ళు మడతల్ని వేడినీళ్ళలో అరగంట నానబెట్టి రుద్దితే చాలు. సాఫ్ట్‌నర్ అసలు వద్దు. తొడుగులకి బ్లీచింగు వద్దు. ఉప్పునీళ్ళ ఊరైతే బట్టల సబ్బు కంటే డిటర్జెంటు పొడే నయం.

జాడించడం: చివరి నీళ్ళలో గుడ్డని రెండు చేతులతో రుద్ది చూడండి. నురగ వస్తే ఇంకో నీళ్ళు. మాకు ఉప్పునీళ్ళ వల్ల మూడు పడుతుంది.

ఆరబెట్టడం: మడతల్ని ఎండలో వెయ్యండి. తడిగా ఉన్నప్పుడే ఎండ తగిలితే పసుపు మరక దానంతట అదే వెలిసిపోతుంది. తొడుగుల్ని నీడలో, సాగే పట్టీ మీద బరువు పడకుండా అడ్డంగా వెయ్యండి. మా ఊళ్ళో వానాకాలం గాలి చెమ్మగా ఉంటుంది, రోజున్నరకి గాని ఆరవు. అప్పుడు ఫ్యాను కింద వేసి, నూలు మడతలకి ఇస్త్రీ పెడతాం. పూర్వం కుంపటి మీద బుట్ట బోర్లించి సాంబ్రాణి పొగకి ఆరబెట్టేవారు. అది మేం మానేశాం, పొగ పసిపిల్లలకి మంచిది కాదు.

గుడ్డ పీల్చడం మానేస్తే: తాతమ్మ చేసినట్టు నాలుగు చుక్కలు వేసి చూడండి. చుక్క నిలబడితే జిడ్డు పట్టినట్టు. మడతల్ని వేడినీళ్ళలో పొడితో ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. మాకు రెండు రోజులు ఇదే పని అయింది. క్రీము రాయాల్సి వచ్చినప్పుడు మధ్యన ఒక పల్చటి నూలుముక్క వెయ్యండి. ఫంగస్ ఉన్నన్నాళ్ళూ మడతలకి వేడి ఉతుకే.

ఇంకొకటి, పెట్టెలున్న మనలాంటి ఇళ్ళకి మరీ చెప్పాలి. కలరా ఉండలు వేసి దాచిన చీరల్ని, బొంతల్ని, ఉయ్యాల గుడ్డల్ని తీసి పసిపిల్లలకి వాడకండి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము లోపం ఉంటుంది, పైకి తెలియదు. వాళ్ళకి ఆ ఉండల నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. తాతమ్మ పెట్టెలో ఎప్పుడూ ఎండిన వేపాకే వేసేది. మేం పిల్లల గుడ్డల దగ్గర ఉండలు ఉంచం.

ఎవరు ఉతకాలి

అప్ప ఒక్క పూట వచ్చి చూపించి వెళ్ళింది. మర్నాటి నుంచి రోజు మార్చి రోజు వంతు వేసుకున్నాం, ఒక రోజు ఒకరు, రెండో రోజు ఇంకొకరు. మొదటి మూడు నెలలూ బాలింత వంగి బరువులు ఎత్తకూడదు కాబట్టి రోజూ మాలో మగాయనే ఉతికాడు. మామ్మకి అది నచ్చలేదు. "డాబా మీద నువ్వు పిల్ల గుడ్డలు ఆరేస్తుంటే నలుగురూ చూస్తారురా" అంది. చూశారు. ఎదురింటి ఒడియా మావుసి నవ్వింది కూడా. వారం తర్వాత ఎవరికీ పట్టలేదు.

పాప ఒళ్ళు పది రోజుల్లో నయమైంది. మందు వల్ల, గుడ్డ మారడం వల్ల, రెండింటి వల్లా. ఘాటు వాసన మళ్ళీ రాలేదు. ఉతికిన మడతల్ని తాతమ్మ ముందు కుప్పగా పోస్తే కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ తడిమి మడతపెట్టేది. ఆ పని ఆవిడకి మేం చెప్పలేదు, తనే అడిగి తీసుకుంది.

డైపర్లు పూర్తిగా మానేశామని చెప్పం. విశాఖపట్నం రైలు ఎక్కితే అవే. వాడినదాన్ని గట్టిగా కాగితంలో చుట్టి, విడిగా పైన రాసి ఇస్తాం. 2016 చెత్త నిర్వహణ నియమాల్లో కూడా అలా చుట్టి ఇవ్వాలనే ఉండేది. చుట్టినప్పుడల్లా తుపాను తర్వాత వీధిలో ఏరిన ఆవిడ గుర్తొస్తుంది. పిల్లల మురికి ఎవరో ఒకరి చేతిమీదుగానే పోతుంది. పారేస్తే ఒక చెయ్యి, రేవుకి వేస్తే ఇంకో చెయ్యి. మన ఇళ్ళల్లో ఇన్నాళ్ళూ ఆ చెయ్యి మనది కాకుండా చూసుకున్నాం, తర్వాత మన పద్ధతి గొప్పదని చెప్పుకున్నాం.

అందుకని హోసూరు అమ్మాయికి చెప్పేది ఒక్కటే. ఎన్ని గుడ్డలు కొనాలి, ఏ రకం కొనాలి అన్నది తర్వాత. ముందు నువ్వూ, మీ ఆయనా కూర్చుని ఎవరు ఏ రోజు ఉతుకుతారో తేల్చుకోండి. అది తేలితే గుడ్డలు వాడండి. తేలకపోతే, ఇంట్లో సాయం లేకపోతే, ఒంట్లో ఓపిక లేకపోతే డైపర్లే వాడుకో, తప్పు లేదు. నీ ఒక్కదాని నడుం మీద, లేదా పనికొచ్చే ఆవిడ నెత్తి మీద వేసి 'మనింటి పద్ధతి' అనుకోవద్దు.

పాప ఇప్పుడు గుడ్డలు దాటేసింది. తాతమ్మ కిందటేడు వెళ్ళిపోయింది. ఆవిడ పెట్టెలో ఫైలిన్‌నాటి చీరముక్కలు పదకొండు మిగిలి ఉన్నాయి, ఉతికి వేపాకు వేసి పెట్టాం. నాలుగు హోసూరుకి పంపిస్తున్నాం. ఈ రాసినదాన్ని అప్పకి చదివి వినిపించాం. "మా అమ్మ పేరు రాయలేదేం?" అని అడిగింది. పేర్లు ఇక్కడ ఎవరివీ రాయమని చెప్పాం. "సరే, మీ ఇంటి పుస్తకంలో అయినా రాసుకోండి" అంది. రాశాం. పిల్లల పుట్టినరోజులు, తాతల తద్దినాల తిథులు రాసుకునే పుస్తకంలో, తాతమ్మ పేరు కింద.

మీ ఇళ్ళల్లో వీటిని ఏమనేవారు? మదురైలో, బళ్ళారిలో, యానాంలో, షోలాపూరులో ఒక్కోచోట ఒక్కో మాట ఉండే ఉంటుంది. అది రాయండి. మీ పెద్దవాళ్ళు ఉంటే, వాటిని ఎవరు ఉతికేవారో కూడా అడిగి రాయండి.